మొహం దాచుకున్న ఆవిడ

ఈనిడ్ పర్విస్ తమ పేటవాళ్ల హాలు నేల తుడుస్తూ ఒక్కో అడుగూ వెనక్కి వేస్తోంది. తడి ఆరకముందే ఎవరూ తొక్కకుండా తలుపుకు కుర్చీ అడ్డం పెట్టింది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, పొట్టి, వెడల్పాటి భుజాలు. పదిహేనో ఏట బడి మానేసి నార్త్ షీల్డ్స్ అనే ఆ ఊరి రేవులో చేపలు కోసిన చేతులు అవి. వేళ్ల కణుపులు చల్లనీళ్లకు ఉబ్బి, ఎర్రగానే ఉండిపోయాయి. ఆ చేపల షెడ్డు మూతబడ్డాక ఇక్కడ పనికి కుదిరింది. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఎవరైనా ఆమెను ఏదైనా అడిగారంటే అది టీ ఎప్పుడవుతుందనే.

ఆ మధ్య పేటవాళ్లంతా కలిసి ఒక వెబ్‌సైటు పెట్టారు. రేవు నుంచి పైకెక్కే పాత మెట్ల వీధులు కూల్చేసి చాలాకాలమైంది. వాటి ఫొటోలు ఎవరింట్లో ఉన్నా తెచ్చి అందులో పెట్టాలని. ఫొటోలు ఎక్కించి కింద పేర్లు రాసే పని ఈనిడ్‌కు అప్పగించారు. ఆమె తల్లికి ఆ వీధుల్లో తెలియని గడప లేదు. ఆ కబుర్లన్నీ వంటింట్లో వింటూ పెరిగింది ఈనిడ్. ఇప్పుడు ఎక్కడెక్కడి వాళ్లో, పేరు పెట్టి మరీ ఆమెకు కృతజ్ఞతలు రాస్తున్నారు. మధ్యాహ్నం చీపురూ బకెట్టూ లోపల పెట్టేసి, చేతులు రెండుసార్లు కడుక్కుని హాల్లోని కంప్యూటరు ముందు కూర్చుంటుంది.

తలుపు దగ్గర ఎవరో దగ్గారు. కత్‌బర్ట్ రట్టర్. పేటలో అందరికీ బాబాయే. ఎనభై ఏళ్లొచ్చినా గడ్డం గీసుకోకుండా, మెడలో టై లేకుండా వీధిలోకి రాడు.

“ఒక్కమాట తల్లీ.”

“రా బాబాయ్, అంచు మీద నడిచి రా. టీ పెట్టనా?”

“వద్దులే. ఆ కంప్యూటర్లో మా అమ్మ ఫొటో పెట్టావట గదా.”

“చూశావా? ఎంతమంది మెచ్చుకున్నారో తెలుసా! ఆస్ట్రేలియా నుంచి కూడా రాశారు.”

“తీసెయ్యమని అడుగుదామని వచ్చాను.”

ఫొటోలో పోలీసు స్టేషను ముందు పిల్లల వరుస. బీదపిల్లలకు పోలీసులు ధర్మానికిచ్చే బూట్ల కోసం నిలబడ్డారు. ముందున్న కుర్రాడి పక్కన ఒక స్త్రీ, శాలువా ముఖం మీదికి లాక్కుని అటు తిరిగిపోయింది. ‘కత్‌బర్ట్ రట్టర్. మొహం దాచుకున్నది అతని తల్లి హన్నా’ అని కింద రాసింది ఈనిడ్. అమ్మ చెప్పిన కబుర్లను బట్టి ఆవిడను గుర్తుపట్టినందుకు ఆ రోజంతా గర్వంగా తిరిగింది.

“అందులో సిగ్గేముంది బాబాయ్? అప్పట్లో అందరూ లేనివాళ్లేగా.”

“లేనివాళ్లే. ఆ బూట్లకి పైన గుర్తుగా చిల్లులు కొట్టి ఇచ్చేవాళ్లు, తాకట్టు పెట్టుకోకుండా. ఆ చిల్లులు కనపడకూడదని మా అమ్మ నా మేజోళ్లు వాటి మీదికి మడిచేది. వెనకసందులోంచి తీసుకెళ్లింది నన్ను ఆ రోజు. పోయేదాకా ఆ మాటెత్తలేదు.” ఆయన టోపీ రెండు చేతులతో పట్టుకుని నలుపుతున్నాడు. “ఆవిడ మొహం దాచుకుంది గదమ్మా. నువ్వేమో కింద పేరు రాసేశావు.”

అంతలో, పొద్దున్నే పేకాటకు వచ్చే డెస్ కవెల్ తలుపులోంచి తొంగిచూశాడు. వెనక అతని జట్టంతా ఉంది.

“ఏం కత్‌బర్టూ, మళ్లీ బూట్లకొచ్చావా? సైజు చెప్పు, పోలీసులకి కబురెడతాం!”

అందరూ పగలబడి నవ్వారు. ఈనిడ్ కూడా నవ్వింది. చిన్న నవ్వే, కానీ ఆయన చూడనే చూశాడు. ఆయనా కాస్త నవ్వి టోపీ పెట్టుకున్నాడు.

“ఫొటో ఉంచుకో. పేరొక్కటి తీసెయ్.”

“ఇవాళే తీసేస్తా బాబాయ్.”

మధ్యాహ్నం తీసేద్దామనే కూర్చుంది. ఫొటో కింద కొత్తగా ఎవరో రాశారు. కెనడాలో ఉండే ఆవిడట. హన్నా తన అమ్మమ్మకు చెల్లెలట, జాడ తెలియక ఇంట్లోవాళ్లు ఎన్నేళ్లో వెతికారట. ‘ఈనిడ్ గారూ, మీ మేలు మరవలేను’ అని ముగించింది. ఈనిడ్ ఆ ముక్క పైకి చదువుకుంది. పేరు తీసేస్తే ఆ మాట కూడా పోతుందేమో అనిపించింది. రేపు చూద్దాంలే అని యంత్రం కట్టేసింది.

శుక్రవారం వృద్ధుల భోజనాలకు ఆయన వచ్చాడు. పందిమాంసం, బఠాణీ ముద్ద పెట్టిన బ్రెడ్డు ఆయన పళ్లెంలో ఒకటి ఎక్కువే వేసింది ఈనిడ్.

“తీసేశావా తల్లీ?”

“ఆ... తీసేశాను బాబాయ్.”

ఆయనకు కంప్యూటరు చూడ్డం రాదు. ఆమె ఎర్రటి చేతి మీద తన చెయ్యి వేసి, “మంచిదానివమ్మా,” అన్నాడు. ఈనిడ్ చెంచాలు కడగాలని వంటగదిలోకి వెళ్లి, కుళాయి తిప్పింది. ఆ సాయంత్రమైనా తీసెయ్యొచ్చు. కానీ తీసేస్తే తను ఆడింది అబద్ధమని తనకే రుజువవుతుంది. ఆ పేజీ వైపే వెళ్లడం మానేసింది.

తరువాతి వారం ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. నిద్రలోనే పోయాడని పక్కింటావిడ వచ్చి చెప్పింది. ఈనిడ్ చేతిలో పళ్లెం దించి, తిన్నగా కంప్యూటరు దగ్గరికి వెళ్లి, చేతులు కూడా కడుక్కోకుండా నిలబడే ఆ పేరు చెరిపేసింది.

అంత్యక్రియలయ్యాక టీ ఆ హాల్లోనే. ఆయన మేనకోడలు థెల్మా, కార్లైల్ అనే ఊరి నుంచి వచ్చి అంతా దగ్గరుండి చూసుకుంది. అచ్చు వేయించిన కాగితాలు అందరికీ పంచుతూ ఈనిడ్ దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

“మావయ్య చిన్నప్పటి ఫొటో ఒక్కటీ మా దగ్గర లేదండీ. ఆయన పోయారని తెలిసిన పొద్దున్నే మీ వెబ్‌సైట్లో దొరికింది. అమ్మమ్మ కూడా ఉంది చూడండి! పేర్లు మీరు రాసినవి రాసినట్టే వేయించాను.”

కాగితం మీద పెద్దగా అదే వరుస, అదే శాలువా. కింద ఈనిడ్ రాసిన మాటలే. థెల్మా హాలు వైపు తిరిగి ఈ పుణ్యమంతా ఈవిడదేనంది. డెస్ కవెల్‌తో సహా అందరూ టీ కప్పులు పైకెత్తారు.

“కాదండీ, నేను...” అంది ఈనిడ్.

“మొహమాటపడకండి,” అంది థెల్మా ఆమె భుజం తట్టి.

ఈనిడ్ మెడ నుంచి చెవుల దాకా వేడెక్కి, ఎవరి కప్పు ఖాళీ అయిందో చూసే నెపంతో తల వంచుకునే తిరిగింది.

అందరూ వెళ్లిపోయాక కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ వచ్చింది. చివరి కుర్చీలో ఎవరో ఒక కాగితం వదిలేసి వెళ్లారు. దాని మీద కప్పు పెట్టినట్టున్నారు, హన్నా అన్న పేరు చుట్టూ గుండ్రటి టీ మరక ఇంకా తడి ఆరలేదు.