ఆకు పనిచేసింది, మామగారికి మాత్రమే

కోడలు పనిచేసేది మొక్కల మందుల పరిశోధనశాలలో. పరిశోధన అని పేరే గాని, చక్కెర జబ్బుకు మందంటూ ఆమె పట్టుకున్న ఆకు పెట్టినదంతా శోధనే. ఆ ఆకు ఎలకల్లో చక్కెర దించిందని ఓసారి భోజనాల దగ్గర నోరు జారింది. మర్నాటి నుంచి మామగారు మాత్రలు ఏమాత్రం ముట్టనని భీష్మించారు. ఎలకకు పనికొచ్చింది ఏనుగులాంటి తనకు పనికిరాదా అని వాదించారు. నువ్వు కాచి ఇవ్వకపోతే బజార్లో దొరికే పొడి కొనుక్కు తాగుతానన్నారు. ఆ దుమ్మూ ధూళీ కంటే ఇదే నయమని కోడలే ఆకు తెచ్చి ఇంట్లో కాచసాగింది.

ఇవాళ పరిశోధనశాలలో సీసాల గుట్టు విప్పారు. అక్కడి పద్ధతి ప్రకారం సగంమంది రోగులకు అసలు కషాయం, సగంమందికి అంతే చేదుగా చేసిన ఉత్తుత్తి కషాయం ఇచ్చారు. ఎవరికి ఏది వెళ్ళిందో ఇచ్చేవాళ్ళకూ తెలియదు, తాగేవాళ్ళకూ తెలియదు. తీరా చూస్తే రెండు జట్ల చక్కెరా ఒకటే. కషాయం ఎవరికీ సాయం చేయలేదు.

ఇంటికి రాగానే ఆ చేదు నిజం చెప్పి, మళ్ళీ మాత్రలు వేసుకోమని మామగారిని బతిమాలింది. ఆయన చక్కెర చూసే మిషను ముందుకు తోశారు. అంకె ముచ్చటగా ఉంది.

"మీ సీసాలు అబద్ధమాడతాయేమో గాని, నా వేలు ఆడదమ్మా."

కోడలు వంటింట్లోకి వెళ్ళింది. అక్కడ అత్తగారు గరిటె వెనకతో తెల్లటి బిళ్ళ నూరుతోంది. మామగారి పాత మాత్ర.

"అత్తయ్యా!"

"అరవకు. మొదటి రోజు నుంచీ కషాయంలో కలుపుతూనే ఉన్నా. నీ ఆకు మీద నమ్మకం లేక కాదే..." గరిటె పక్కన పెట్టి, "లేకే," అంది.

నిజం చెబితే మామగారు రోషంతో కషాయం మానేస్తారు, దాంతో మాత్రా పోతుంది. చెప్పకపోతే, పనిచేయదని తనే తేల్చిన ఆకును జీవితాంతం తనే కాచాలి. ఆకుల శాస్త్రవేత్త అడకత్తెరలో పోకచెక్క అయింది.

అంతలో పక్కింటాయన గ్లాసు పట్టుకుని నేరుగా వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. ఆయన వెనక మామగారు, మందు కనిపెట్టింది తానే అన్నంత ధీమాగా.

"నాకూ కాస్త పొయ్యమ్మా. మీ మామగారి వేలు చూశాక నేనూ మాత్రలు మానేశా."

అత్తగారు కోడలి చెవిలో గొణిగింది. "ఆయన ఏ మాత్ర వేసుకునేవాడో మెల్లగా కనుక్కో."

కోడలు పొయ్యి ఆపింది. గిన్నె ఎత్తి కషాయమంతా తూములో పోసేసింది.

"మామయ్యా, ఇద్దరూ వినండి. అత్తయ్య మీకో మాట చెబుతారు."

అత్తగారు తప్పించుకునే దారి కోసం చూసింది. వంటింటికి ఉన్నది ఒకటే గుమ్మం. అందులో పక్కింటాయన ఖాళీ గ్లాసు చాచి నిలబడి ఉన్నాడు.