పడుకున్న బీరువా

మా ఆయన సీతారాములు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ట్యుటోరియల్‌లో లెక్కలు చెబుతారు. ఆయన చెప్పిన లెక్కలతో ఎంతమందో గట్టెక్కారట. ఇంట్లో మాత్రం ఆయన లెక్కలు చెప్పరు, ఆజ్ఞాపిస్తారు.

నల్లగొండ పక్క మా ఊరి నుంచి వచ్చి మూసారాంబాగ్‌లో కిరాయికి ఉన్నన్నాళ్లూ నా సంసారమంతా ట్రంకు పెట్టెల్లోనే ఉండేది. మంచి చీర కావాలంటే మంచం కింద దూరి పెట్టె లాగాలి, మూత ఎత్తి తల మీద పడకుండా ఒక చేత్తో పట్టుకోవాలి, రెండో చేత్తో వెతకాలి. చీర దొరికేసరికి పెళ్లివారి భోజనాలు అయిపోయేవి. అందుకే ఎల్బీ నగర్ దగ్గర స్థలం కొని ఇల్లు మొదలుపెట్టినప్పుడు నేను ఒక్కటే అడిగాను. నిలబడి తలుపు తెరిస్తే చీరలన్నీ కళ్లముందుండే బీరువా కావాలన్నాను. ఆయన దయతలచారు. దయతోపాటు టేపు కూడా తీశారు.

"మీద జాగా ఇడిస్తే దుమ్ము చేరుతది. కప్పు దాక చేపిద్దాం," అన్నారు.

గది ఎత్తు తొమ్మిదింబావు అడుగులు. బీరువా ఎత్తు తొమ్మిది, లోతు రెండున్నర. తొమ్మిది కంటే తొమ్మిదింబావు పెద్దదని మా వీధి మేకలకు కూడా తెలుసు కాబట్టి ఎవరూ అనుమానపడలేదు. వడ్రంగి యాదగిరి ఆ గదిలోనే టేకు చెక్కలు పరుచుకుని, బీరువాను వెల్లకిలా పడుకోబెట్టి తయారుచేశాడు. అప్పట్లో కాలనీలో ఏ కొత్త ఇంట్లో చూసినా వడ్రంగం అలాగే నడిచేది. కోత అక్కడే, చిత్రిక అక్కడే, మధ్యాహ్నం కునుకూ అక్కడే. నాలుగు కాళ్లకూ తామరమొగ్గలు చెక్కాడు. గృహప్రవేశం నాడు నలుగురూ ఉంటారు, అప్పుడు లేపుదామని మా ఆయన నిర్ణయించారు.

ఆ రోజు పాలు పొంగాయి. బీరువా లేవలేదు.

అంటే, సగం లేచింది. ఏటవాలుగా పైకి వచ్చి, దాని తల ముందు అంచు కప్పుకు తగిలి ఆగిపోయింది. కొత్త సున్నం రాలి మా మేనమామ నెత్తిన పడింది.

అక్కడే ఉన్నాడు అంతయ్య. ద్రాక్షతోటను ప్లాట్లు చేసి మాకు స్థలం అమ్మింది ఆయనే. స్థలంతో పాటు సలహాలు కూడా ఇస్తూనే ఉంటాడు.

"జర జోర్‌గ గుద్దుండ్రి. తొమ్మిదిది తొమ్మిదింబావుల పట్టకుంట ఎక్కడ పోతది?"

గుద్దారు. కప్పులో గుంట పడింది.

పక్కింటి జోగారావుగారు గుంటూరు వైపు మనిషి, బ్యాంకు ఉద్యోగి. "అలా కాదండీ. గది ఈ మూల నుంచి ఆ మూలకి తిప్పి లేపండి, అటు చోటు ఎక్కువుంటుంది," అన్నారు.

మూలకు తిప్పితే పొడవు పెరుగుతుంది గానీ కప్పు పైకి జరగదని ఎవరికీ తోచలేదు. తిప్పారు. నా మొజాయిక్ నేల మీద గీతలు పడ్డాయి.

"బయటికి తీస్కపోయి నిలబెట్టుండ్రి. నిలబెట్టే లోపటికి తెండ్రి," అన్నాడు మళ్లీ అంతయ్య. మా గుమ్మం ఏడడుగులని చెబితే గుమ్మం వైపు కోపంగా చూశాడు. యాదగిరి మాత్రం ఎండాకాలం వస్తే చెక్క ఎండి అదే దిగుతుందని చెప్పి భోజనానికి వెళ్లిపోయాడు.

మా ఆయన పెన్సిలు తీసి కొత్త గోడ మీద ఒక పెట్టె గీసి, దానికి అడ్డంగా ఏటవాలు గీత గీశారు. కాసేపు చూశారు. తుడిపేశారు.

"ఇయ్యాల దినం మంచిగ లేదు. మళ్ల చూద్దాం," అన్నారు. జీవితంలో పంచాంగం ముట్టని మనిషి.

ఆ 'మళ్ల' మూడు నెలలైనా రాలేదు. వెల్లకిలా పడుకున్న బీరువాలోనే చీరలు సర్దుకున్నాను. చీర కావాలంటే నడుం వంచాలి, టేకు తలుపు ఎత్తి ఒక చేత్తో పట్టుకోవాలి, రెండో చేత్తో వెతకాలి. ట్రంకు పెట్టెల పీడ వదిలిందనుకుంటే తొమ్మిదడుగుల ట్రంకు పెట్టె దొరికింది నాకు. వచ్చిన చుట్టాలు దాని మీదే కూర్చుని చాయ్ తాగుతూ, "బీరువా చేపిచ్చినవట, ఏదమ్మా?" అని అడిగేవారు. ఒకరోజు తలుపు జారి నా వేళ్ల మీద పడింది. గోళ్లు నల్లబడ్డాయి. నొప్పికి కాదు, ఉక్రోషానికి ఏడ్చాను.

ఆ వారమే ఆయన పరీక్ష పేపర్ల కట్టతో ఇంటికి వచ్చారు. ముఖం వెలిగిపోతోంది.

"మన బీరువా లెక్క క్లాసుకిచ్చిన. అందరు పడతదనే రాసిండ్రు! ఒక్కడు గూడ చెయ్యలే!"

"పట్టదా మరి?"

"నిలబడ్డంక పడతది. లేశేటప్పుడే పట్టది. అప్పుడు కావాల్సింది ఎత్తు గాదు, మూల నుంచి మూలకు కర్ణం. అది తొమ్మిదడుగుల నాలుగంగుళాలు. కప్పు కంటె ఒక్క అంగుళం ఎక్కువ. బీరువా రెండంగుళాలు పొట్టిగుంటే మంచిగ లేస్తుండె."

"కాళ్లే నాలుగంగుళాలున్నయి గద!"

"అవ్."

"గీ లెక్క మీకు ఎప్పటిసంది ఎరుక?"

"గోడ మీద గీసిననాడే."

"మరి కాళ్లు కోపియ్యలేదేంది?"

"లెక్కల సారు కొలత తప్పిండని అంతయ్య చౌరస్తల చాటింపెయ్యడా? ఇప్పుడైతే కప్పే వంకరున్నదనుకుంటున్నరు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన పరువు నిటారుగా నిలబడటానికి మూడు నెలలు నేను వంగానన్నమాట. ఆ రాత్రి అన్నం పెట్టాను గానీ మాట పెట్టలేదు.

తెల్లారి ఆయన బస్సెక్కగానే యాదగిరిని పిలిపించాను. అంతయ్యనూ, జోగారావుగారినీ కూడా పనిగట్టుకుని పిలిచాను.

"సారును అడగాల్నేమో అమ్మా," అన్నాడు యాదగిరి రంపం పట్టుకుని.

"సారే చెప్పిండు. రెండంగుళాలు."

తామరమొగ్గలు సగానికి తెగాయి. నలుగురూ ఎత్తారు. వేలు దూరేంత సందు వదిలి కప్పు కింది నుంచి జారి, బీరువా లేచి నిలబడింది.

"గింతేనా? ఇన్ని దినాలు ఏం జేసిండ్రమ్మా మరి?" అన్నాడు అంతయ్య.

"సారు లెక్క చేస్తుండె," అన్నాను.

అందరూ వెళ్లాక తలుపు తెరిచాను. అది పక్కకు తెరుచుకుంది. నా రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి. ఎంత సంతోషమేసిందో! ఆ చీరలన్నీ ఉత్తపుణ్యానికి తీసి మళ్లీ సర్దాను.

సాయంత్రం ఆయన వచ్చారు. కాళ్ల వంక చూడలేదు. పైకి చూశారు.

"మీద అయిదంగుళాల జాగా. దుమ్ము చేరుతది," అన్నారు.

ఆయన చేతికి గుడ్డ ఇచ్చి, స్టూలు చూపించాను. ఎక్కారు. చెయ్యి అందలేదు. కాలివేళ్ల మీద లేచి తుడవసాగారు. నేను వంగకుండా నిలబడి చూశాను.