అమ్మకం జరిగిన రోజు

కార్ల దుకాణంలో అమ్మకం ఏ రోజున జరిగినట్టు అన్న ప్రశ్న డెనీస్ ఒర్లోస్కీకి ఆ వెనక గదిలో గడిపిన ఉద్యోగకాలమంతా ఎదురు కాలేదు. ఎదురయ్యే అవసరమూ లేకపోయింది. మా ఈరీ పట్టణంలో ఆనవాయితీ ఒక్కటే. శనివారం సాయంత్రం కొనేవాళ్ళు తాత్కాలిక ఒప్పందం మీద సంతకం చేసి, తాళాలు పుచ్చుకుని, కొత్త కారులో ఇంటికి వెళ్ళిపోతారు. బ్యాంకులు అప్పటికి మూసి ఉంటాయి. మరుసటి వారం బ్యాంకు అప్పు ఇస్తామంటుంది, లేదా ఇవ్వలేమంటుంది, లేదా వడ్డీ కొంచెం పెంచి ఇస్తామంటుంది. అప్పుడు మనిషిని మళ్ళీ పిలిపించి కొత్త ఒప్పందం రాయించుకుని పాతదాన్ని చింపేస్తారు. బ్యాంకు సరేనన్న రోజే అమ్మకం జరిగిన రోజు. అంతవరకు కారు ఎవరి ఇంటి ముందు ఆగి ఉన్నా, దుకాణం దృష్టిలో అది దుకాణంలో ఉన్నట్టే.

ఇలా ఎందుకు చేస్తారంటే, ఒకసారి ఇంటికి వెళ్ళిన కారు వెనక్కి రాదు. ఇరుగుపొరుగు చూసి ఉంటారు, వెనక సీట్లో పిల్లల చేతిముద్రలు పడి ఉంటాయి. వడ్డీ పెరిగినా మనిషి నిట్టూర్చి సంతకం పెడతాడు.

ఆ ఏడాది జనవరి నుంచి విద్యుత్ కార్ల పన్ను రాయితీ పద్ధతి మారింది. కొనేవాళ్ళు తమ రాయితీని దుకాణానికి అప్పగిస్తే ఆ మొత్తం అక్కడికక్కడే ధరలో తగ్గుతుంది. పన్నుల శాఖ దాన్ని దుకాణానికి తిరిగి చెల్లిస్తుంది. అందుకు బదులుగా, కారు కొన్నవారి చేతికి వెళ్ళిన మూడు రోజుల్లోగా దుకాణం ఆ అమ్మకాన్ని శాఖ వెబ్‌సైటులో నమోదు చెయ్యాలి. నమోదు చేసేవాళ్ళు ముందుగా తమ లైసెన్సునూ ముఖాన్నీ ఫోనుకు చూపించి తామెవరో రుజువు చేసుకోవాలి. యజమాని చలికాలమంతా ఫ్లోరిడాలో ఉంటాడు. అమ్మకాల మేనేజరు రస్ హాలరన్ తనకు తీరిక లేదన్నాడు. అందుచేత డెనీసే తన తలను ఫోను చెప్పినట్టు ఎడమకూ కుడికీ తిప్పి చూపించింది. అప్పటినుంచి దుకాణం పంపే ప్రతి నమోదూ ఆమె పేరు మీదే వెళ్తుంది, కింద ఆమె ప్రమాణంతో.

శాఖ పంపిన సూచనలను డెనీస్ శ్రద్ధగానే చదివింది. అయితే ఏ మాటనైనా మనం మనకు అలవాటైన అర్థంలోనే చదువుతాం. మూడు రోజులు అన్నదాన్ని ఆమె బ్యాంకు సరేనన్న రోజు నుంచి లెక్క వేసుకుంది.

ఫలితం ఒక గురువారం ఉదయం తెలిసింది. వాండా ప్రూయిట్ అనే నర్సు, మరణానికి దగ్గరైన రోగుల ఇళ్ళకు తిరిగి సేవ చేసే మనిషి, అంతకుముందు శనివారం రాయితీ తగ్గించిన ధరకు నీలం రంగు విద్యుత్ కారు తీసుకువెళ్ళింది. మధ్యలో మంచు తుఫాను వచ్చి బ్యాంకు జవాబు ఆలస్యమైంది. వచ్చిన జవాబులో వడ్డీ అర శాతం పెరిగింది. డెనీస్ వెబ్‌సైటు తెరిచింది. కారు అప్పగించిన తేదీ అడిగితే శనివారం తేదీ ఇచ్చింది. గడువు దాటినందున స్వీకరించడం కుదరదని ఎర్రటి వాక్యం కనిపించింది.

ఆమె కంగారు పడలేదు. కంగారుకు కావలసిన శక్తి ఆ చలికాలం ముందే లాగేసుకుంది. లేచి వెళ్ళి రస్‌కు చెప్పింది.

"ఇవాళ్టి తేదీ కొట్టు," అన్నాడు రస్ తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

"కారు శనివారం వెళ్ళింది, రస్."

"సాయంత్రం ఆవిడొచ్చి కొత్త ఒప్పందం మీద సంతకం పెడుతుంది. దానిమీద ఇవాళ్టి తేదీయే ఉంటుంది. ఇంకేం కావాలంట వాళ్ళకి?"

"ఇన్సూరెన్సు శనివారం నుంచి ఉంది. తాత్కాలిక నంబరు ప్లేటు శనివారం ఇచ్చాం. తుఫానులో కూడా ఆవిడ ఆ కారేసుకునే రోగుల దగ్గరికి తిరిగింది."

"తల్లీ, నువ్వేం కోర్టులో బైబిలు మీద చెయ్యి పెట్టలేదు. ఓ గడి నింపుతున్నావు, అంతే."

"ఆ గడి కిందేముందో చదివావా? అబద్ధమైతే శిక్ష నాకు. నా పేరు, నా మొహం."

"నీ మొహం కోసం వాషింగ్టన్ నుంచి మనిషిని పంపుతారా? అంత అందగత్తెవి కాదులే."

"ఒకప్పుడు పంపేవాళ్ళు," అంది డెనీస్.

రస్ నవ్వాడు, తర్వాత నవ్వు ఆపేశాడు. "సరే, కొట్టకు. ఆ రాయితీ ఏడున్నర వేల డాలర్లూ కొత్త ఒప్పందంలో మళ్ళీ ధరకి కలిపేస్తా. వడ్డీ పెరిగిందమ్మా అని చెప్తా. నెలకి ఎంత పెరిగిందో చూస్తారుగానీ ఎందుకు పెరిగిందో ఎవరు చూస్తారు? నీ అబద్ధమా, ఆవిడ డబ్బా, నువ్వే తేల్చుకో. సాయంత్రం దాకా టైముంది."

డెనీస్ తన గదికి తిరిగి వచ్చి వాండా సంతకం చేసిన తాత్కాలిక ఒప్పందాన్ని ముందు పెట్టుకుంది. అందులో కొత్త సంగతి ఏదీ లేదు. వేలసార్లు చూసిన కాగితమే. ఈ షరతుల మీద బ్యాంకు ఒప్పుకోకపోతే ఒప్పందం రద్దవుతుందని, ఎవరిది వారికి తిరిగి ఇచ్చెయ్యాలని అందులో ఉంది. దుకాణం ఆ వాక్యాన్ని ఎప్పుడూ తన రక్షణకే వాడుకుంది. కాని అది రెండు పక్షాలకూ వర్తించే వాక్యం. వాండా రెండో సంతకం ఇంకా పెట్టలేదు. ఏ అలవాటు వల్ల ఆమె రాయితీ పోయిందో, అదే అలవాటు వల్ల ఆమె ఇంకా ఆ కారుకు కట్టుబడి లేదు.

డెనీస్ ఫోను చేసింది.

"వడ్డీ సంగతేగా, బంగారం?" అంది వాండా. నోట్లో ఏదో నములుతోంది. "మీ రస్ చెప్పాడు. ఇప్పుడే ఒక పెద్దాయనకి పక్క మార్చి వచ్చా, కారులో కూర్చుని పెప్పరోనీ బాల్స్ తింటున్నా. చెప్పు, కడుపు నిండింది, తట్టుకుంటా."

డెనీస్ జరిగింది జరిగినట్టు చెప్పింది. నమోదు ఆలస్యం చేసింది తానేనని కూడా చెప్పింది. అవతల నమలడం ఆగిపోయింది.

"ఆ తగ్గింపు లేకపోతే నేను ఈ కారు కొనలేను. శనివారమే చెప్పా కదా."

"అందుకే చెప్తున్నా. సాయంత్రం రండి, కానీ కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టకండి. తాళాలు బల్ల మీద పెట్టెయ్యండి. సరిగ్గా ఇదే రకం కారు తెల్లది బయట ఉంది. అదే ధరకి, తగ్గింపుతో, అది కావాలని అడగండి. మీరు గుమ్మం దాటేలోపు నేను నమోదు చేస్తాను."

"తెల్లదా? నా ఉద్యోగానికి తెల్ల కారా? ఇంటిముందు ఆపితే ఆంబులెన్సు వచ్చిందని గుండె ఆగి పోతారు." మళ్ళీ నమలడం మొదలుపెట్టింది. "మరి నిన్నేమీ అనడా మీవాడు?"

"అంటాడు. కానీ ఆ వెబ్‌సైటుకి తెలిసిన మొహం ఇక్కడ నాదొక్కటే. ఇంకొకరి మొహాన్ని అది ఒప్పుకోవాలంటే వారాలు పడుతుంది."

సాయంత్రం వాండా మంచు బూట్లతోనే లోపలికి వచ్చింది. రస్ పెన్ను అందించాడు. ఆమె దాని పక్కన తాళాలు పెట్టింది.

"బ్యాంకు ఆ షరతులకి ఒప్పుకోలేదుగా బాబూ. అయితే నీ కారు నీది. ఆ తెల్లదైతే తీసుకుంటా, శనివారం చెప్పిన ధరకే. పెరిగిన వడ్డీ భరిస్తాలే."

"అమ్మా, నీలం కారు మీరు వాడేశారు. మైళ్ళు పడ్డాయి."

"నువ్వే ఇచ్చి పంపావు. బ్యాంకు కోసం ఆగుతానంటే, తీసుకెళ్ళండి అమ్మా, మీ ఇంటిముందు బాగుంటుంది అన్నావు."

రస్ మధ్యనున్న గాజు అద్దంలోంచి వెనక గది వైపు చూశాడు. డెనీస్ కూడా అతని వైపే చూసింది. అతను చెడ్డవాడు కాడు. నెలాఖరు దగ్గరపడిన మనిషి. తెల్ల కారు ఇస్తే నీలం కారును ఇక కొత్తదిగా అమ్మలేడు, నష్టం వస్తుంది. ఇవ్వకపోతే ఆ నష్టంతో పాటు అమ్మకమూ పోతుంది. కాసేపు కుర్చీ అటూ ఇటూ తిప్పి, లేచి, తెల్ల కారు తాళాలు తెచ్చాడు.

"నీలందాన్ని ఏం చేసుకోమంటావు?" అని అద్దం అవతలినుంచి అరిచాడు.

"నువ్వు నడుపు," అంది డెనీస్.

ఒప్పందం రాయడం పూర్తయ్యాక డెనీస్ వివరాలన్నీ నింపింది. వెబ్‌సైటు చాలాసేపు ఆలోచించి నమోదును స్వీకరించింది. ప్రతిని అచ్చు తీసి వాండా చేతికిచ్చింది. వాండా కళ్ళజోడు పెట్టుకుని ప్రతి వరుసా చదివింది. ఆ కాగితం పట్టుకుని బయటికి వెళ్ళి, తెల్ల కారు అద్దం మీది మంచును మోచేత్తో తుడిచి, లోపల ఉన్న కారు గుర్తింపు నంబరుతో ఒక్కొక్క అంకె పోల్చుకుంది. లోపలికి వచ్చి తల ఊపాకే డెనీస్ తాళాలు అందించింది.

"నిద్రపో బంగారం," అంది వాండా. "నేను రోజూ చూసేవాళ్ళ మొహంలా ఉంది నీ మొహం."

ఆమె వెళ్ళాక రస్ గుమ్మంలో నిలబడ్డాడు. కోపం చల్లారి అతని గొంతులో విసుగు మాత్రం మిగిలింది.

"ఇకనుంచి శనివారాలు కూడా నువ్వుండాలి. కారు గేటు దాటేముందే నమోదవ్వాలి. నేనేం చెయ్యను, వాళ్ళకి కావలసింది నీ మొహమే కదా."

ఎదురు చెప్పడానికి డెనీస్ కారణం వెతికింది. అతను చెప్పింది నిజం; తను చేసినదానికి అది సరైన పర్యవసానం కూడా.

"ఎన్నింటికి రావాలి?" అని అడిగింది.

"తెరిచే టైముకి."

డెనీస్ కంప్యూటరు ఆపి, చేతి తొడుగులు వేసుకుని, తన కారు మీది మంచు గీకడానికి బయటికి వెళ్ళింది.