వెల్వెట్ సంచిలో చింతపిక్కలు

"ఎవరినైనా చూసి ఒంట్లో కోరిక పుట్టినవాళ్ళు చేతులెత్తండి" అన్నారు దేవకుమారి మేడం. రాజమండ్రిలో ఎం.ఏ. సైకాలజీ క్లాసు అది. మగపిల్లల వైపు చేతులన్నీ లేచాయి. కొందరు మహానుభావులు రెండేసి ఎత్తారు. ఆడపిల్లల వైపు ఒక్క గాజు కూడా కదల్లేదు.

"చూశారా మేడం? ఆడపిల్లలకి అలాంటివి ఉండవండి" అన్నాడు దుర్గాసాయి, స్త్రీజాతి మొత్తం వాడి చెవిలో చెప్పి వెళ్ళినట్టు.

ప్రిస్కిల్లా చేతులు ఒళ్ళో బిగించుకుంది. ఉండవా? మరి నిన్న గోదావరి గట్టు మీద తమ క్లాసు కిరణ్ కుమార్ చొక్కా చేతులు మడుచుకుంటుంటే తన గొంతెందుకు ఎండిపోయింది? ఇరవై రెండేళ్ళొచ్చాయి, ఇంతమందిలో తానొక్కతే చెడ్డదా? పుండు మీద కారంలా, ఈ చేతుల లెక్క మీద సెమినార్ ఇవ్వాల్సింది కూడా ఆమే. ఆడవాళ్ళకి కోరిక లేదని తన నోటితోనే చెప్పాలి.

ఆదివారం చర్చిలో కానుకలు వేసే వెల్వెట్ సంచి చేతులు మారుతూ వచ్చింది. ముందు బెంచీలో సత్తియ్యగారు మూసిన గుప్పిట లోపల పెట్టి, తెరిచిన చెయ్యి బయటికి తీశారు. నోటు వేశారో, ఉత్త గాలి వేశారో ఆ దేవుడికే ఎరుక. ప్రిస్కిల్లాకి ఓ ఉపాయం తట్టింది. ఆ తర్వాత ప్రసంగంలో ఒక్క ముక్క వింటే ఒట్టు.

"అమ్మా, కానుక సంచులు కుట్టగా మిగిలిన వెల్వెట్ ఉందా? క్లాసులో సంచి పట్టాలి."

"కానుకకా? మంచి పనే తల్లీ, ప్రభువు దీవిస్తాడు" అంది తల్లి మురిసిపోతూ.

సోమవారం ఆడపిల్లలకి ఎర్ర సంచి, మగపిల్లలకి నీలం సంచి. మనిషికో చింతపిక్క, ఓ బొబ్బరగింజ. అవునంటే చింతపిక్క వెయ్యాలి, కాదంటే బొబ్బరగింజ. మిగిలింది గుప్పిట్లోనే దాచుకోవాలి. అదే ప్రశ్న. ప్రిస్కిల్లా తన వంతు రాగానే చింతపిక్క జారవిడిచింది.

మేడం రెండు సంచులూ బల్ల మీద బోర్లించి పక్కన పడేశారు. రెండు కుప్పలూ నల్లగా నిగనిగలాడుతున్నాయి. రెండింట్లోనూ అక్కడక్కడా బొబ్బరగింజలు.

"ఏది ఎవరిదమ్మా?" మేడమే తికమకపడ్డారు.

"హమ్మయ్య, నాలాంటోళ్ళు ఇంకా ఉన్నారు!" బొబ్బరగింజల వంక చూస్తూ అనేసి, దుర్గాసాయి నాలిక కరుచుకున్నాడు. మొన్న రెండు చేతులెత్తిన మహానుభావుల్లో వాడే మొదటివాడు. క్లాసంతా గొల్లుమంది.

ప్రిస్కిల్లాకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. తానొక్కతే కాదు! గెంతులెయ్యాలనిపించింది.

"ఇప్పుడు చేతులెత్తండి చూద్దాం" అన్నారు మేడం.

ప్రిస్కిల్లా చెయ్యెత్తింది. కిరణ్ కుమార్ చూస్తున్నాడని తెలుసు, అయినా దించలేదు. తర్వాత వెనక బెంచీల్లో గాజులు గలగలమన్నాయి.