చింతగింజల పేరు

ఈ సంగతి తెలిస్తే కాంతమ్మ మొహం ఎట్లా మాడిపోతుందో చూడాలి, అనుకుంటూనే ఉన్నాను, పుంగనూరు రిజిస్ట్రారాఫీసు బెంచీ మీద, పొద్దున్నుంచి కూర్చునీ కూర్చునీ నడుం పట్టేసింది, తోపు కొంటున్న మదనపల్లె మురళీధర్ ఇంకో రెండు నిమిషాలమ్మా అని అరగంటకోసారి అంటున్నాడు, చెట్లు కొట్టేసి ప్లాట్లు వేస్తాడట, వెయ్యనీ, మా మామ నాటిన చింతలు, నా ఇష్టం వచ్చినవాళ్లకు అమ్ముకుంటాను, కాంతమ్మ పంచాయతీ ప్రెసిడెంటైతే మాత్రం గ్రామసభలో అంతమంది ముందు ఆ మాట అనొచ్చునా, ఇండ్లు కావాలంటే బస్సు నిలిచే కాడ మెరక మీద కట్టుకుందాము, బడి దగ్గిర, కొళాయి దగ్గిర, కిందుండే గోవిందమ్మ తోపు జోలికి ఎవురూ పోవద్దు, అది ఊరందరిదీ అనింది, ఊరందరిదీనా, మరి నేనెవరు, కాపలాదాన్నా, ఆ రోజే తోపు చుట్టూ ముళ్లకంప వేయించాను, రెండేళ్లయింది, ఒక్క ఆడమనిషి అటు తొంగి చూడలేదు.

హమ్మయ్య, గోల వదిలింది అని ఎన్నిసార్లు అనుకున్నానో, వట్టి అబద్ధం, కంప వేయకముందు శివరాత్రి దాటితే తోపు నిండా ఆడవాళ్లే కదా, పండు కొట్టేవాళ్లు, గింజ తీసేవాళ్లు, కుప్పం నుంచి సిద్దమ్మ పిన్ని వచ్చి అరవం కలిపి ఎకసెక్కాలు మొదలుపెడితే నవ్వలేక పొట్ట పట్టుకోవాల్సిందే, ఇప్పుడు సద్ది నేనే విప్పుకుని నేనే తింటాను, మాట్లాడదామంటే చెట్టూ నేనూ, ఎంత దిగులుగా ఉంటుందో ఎవరికి చెప్పను, మొన్నటి కరువులో ఊళ్లో బోర్లన్నీ ఎండిపోతే తోపు పక్కనున్న బావిలోనే నీళ్లు నిలిచాయి, వంక నీళ్లు ఆ చెట్ల కిందే ఇంకుతాయని కాంతమ్మ ముందే చెప్పింది, బిందెల వరసలో నిలబడి ఒకసారి నా వైపు చూసింది కూడా, నేనే తల తిప్పుకున్నాను, ఇంకొక్కసారి చూసుంటే, ఏమో, పలికేదాన్నేమో.

గోవిందమ్మా, రామ్మా, ఈడ సంతకం పెట్టు, రాయను రాకపోతే వేలిముద్రయినా సాలు, గుమాస్తా పిలుస్తున్నాడు, వేలిముద్రా, నాకు రాయను వచ్చులే అప్పా అన్నాను, గొంతు కొంచెం పెద్దదే అయింది, పెన్ను తీసుకున్నాను, పదమూడేళ్ల కిందట అందరికీ చదువు చెప్పాలని ఊరూరా బయల్దేరినప్పుడు లిల్లీ టీచరు మధ్యాహ్నం పూట మా తోపులోకే వచ్చేది, పలకలు చాలక నేల మీద చింతగింజలతో పేర్లు పేర్చమనేది, నేను భయంభయంగా పెట్టే గింజలు చెదిరిపోతుంటే యాల మే అంత బయం, నేనుండాను గదా, అని నా చెయ్యి పట్టుకుని ఒక్కో గింజా పెట్టించింది టీచరు కాదు, కాంతమ్మ, తన పేరు ఇంకా సగమన్నా కాలేదు, నాది పూర్తి చేయించి, సూడు మే, అది నువ్వే, అనింది, అందరూ చుట్టూ మూగి చూశారు, పొద్దు వాలేదాకా ఎవరూ తొక్కకుండా నా పేరు పక్కనించే నడిచారు.

ఏందమ్మా ఆలోచన, రాయి, అంటున్నాడు మురళీధర్, రేపు వీడు ఆ నేల మీదే రాళ్లు పాతుతాడు, పెన్ను కాగితానికి ఆనింది గాని కదలడంలేదు, ఊరందరిదీ అంటే నీది కాదని కాదు మే, ఆ రోజు గ్రామసభ నుంచి నా వెనకాలే అరుస్తూ వచ్చింది కాంతమ్మ, వినపడనట్టు నడిచిపోయాను, వినపడింది, ఆ రోజే వినపడింది, ఏమయ్యా, నేను అమ్మను, అని పెన్ను గుమాస్తా చేతిలో పెట్టేశాను, మురళీధర్ ఏదో అరుస్తున్నాడు, అరవనీ, ఈ ఏడు కాయ విరగకాసింది, ఆమే వచ్చి అడగాలని రెండేళ్లు కాచుకున్నాను, రాదు, నాకంటే మొండిది, కంప నేను వేయించాను, నేనే తీయించి, నేనే పోయి పిలవాలి.