లోపం లేని గుడ్లగూబ

మా బావ ఏ ప్రాణినీ ప్రేమగా ముట్టుకోగా నేను చూడలేదు. జ్వరమొచ్చిన సొంత కూతురు ఒళ్ళో తలపెడితే చొక్కా నలుగుతుందని పక్కకి జరిపిన మనిషి. అలాంటివాడు ఒక సాయంత్రం, శాలువాలో చుట్టిన గుడ్లగూబని గుండెకి హత్తుకుని నా క్లినిక్‌కి వచ్చాడు.

నేను పక్షుల డాక్టర్ని. ముందు గదిలో బోనులూ బెంచీలూ, వెనక గదిలో ఒక బల్ల, ఒక దీపం, పెరటివైపు కిటికీ. అంతే నా ఆస్పత్రి.

"కారుకి కొట్టుకుందట. రెక్క వేలాడుతోంది. ఎలాగైనా బాగుచెయ్యాలి డాక్టరమ్మా" అన్నాడు.

రెక్కలో ఉండే జంట ఎముకల్లో ఒకటి విరిగింది, రెండోది గట్టిగానే ఉంది. కట్టు కట్టి కదలకుండా ఉంచితే అతుక్కుంటుందని చెప్పాను. ఆ తర్వాత బావ రోజూ వచ్చేవాడు. పట్టకారుతో మాంసం ముక్కలు అందిస్తూ "తిను బంగారం, తిను" అని బతిమాలేవాడు. ఒకసారి అది అరగని బొచ్చూ ఎముకలూ ఉండచుట్టి ఆయన బూటు మీదే కక్కితే నవ్వుతూ తుడుచుకున్నాడు. అక్క ఫోన్ చేసి "మనిషి మారిపోయాడే" అని ఏడ్చింది. నాకూ కళ్ళు చెమర్చాయి.

కట్టు విప్పిన రోజు ఆయన దగ్గరుండి అన్నీ అడిగాడు. ఈకలు నిండుగా ఉన్నాయా, చూపు బాగుందా, ఎక్కడైనా మచ్చ మిగిలిందా? ఎంత ముద్దో అనుకున్నాను. ఇంతలో ఆయన ఫోన్ మోగింది. చేతిలో గుడ్లగూబ ఉందిగా, స్పీకర్ నొక్కాడు. అవతల ఆయన గురువుగారు. నేను మాత్రం గడ్డం అంటాను. ఆ మనిషి మొత్తంలో నిజమనిపించేది అదొక్కటే.

"గోరు ఒక్కటి విరిగినా బలికి పనికిరాదు, చూసుకోండి" అంది గడ్డం. "కళ్ళు మాత్రం నేనే తీస్తాను. ప్రాణం ఉండగానే తియ్యాలి. మీరు చెయ్యిపెట్టకండి."

గుడ్లగూబ బావ గుండెల మీద తల వాల్చి కళ్ళు మూసుకుని ఉంది.

"దేనికి బావా ఇది?" అన్నాను.

"నా పార్టనర్ విడిపోయి ఎదురుగానే ఫర్నిచర్ షాపు పెట్టాడు కదా. వాడు మంచాన పడాలి" అన్నాడు, షాపుకి రంగు వేయించాలి అన్నంత తేలిగ్గా.

"దీని కళ్ళు పీకితే ఆయన మంచాన పడతాడా? సిగ్గుగా లేదూ మీకు?"

"తంత్రం గురించి నీకేం తెలుసు? మామయ్యగారు బతికుంటే ఆయనే చేసిపెట్టేవారు. ఈ శాలువా కూడా ఆయనదే. ఇందులో శక్తి ఉందని గురువుగారు అడిగి తెప్పించారు."

ఎక్కడో చూసిన శాలువాలా ఉందే అని రోజూ అనుకుంటూనే ఉన్నాను. మా నాన్నది.

నాన్న వయసులో ఉండగానే తంత్ర దీక్ష తీసుకున్నాడు. రోజూ తెల్లవారకముందే తలుపేసుకుని కూర్చునేవాడు. ఆ గదిలో చాపా, దీపమూ, గీతలు చెక్కిన రాగిరేకూ తప్ప ఇంకేమీ ఉండేవి కావు. నాకు తెలుసు, ఆయన ఒళ్ళోనే కదా నేను మళ్ళీ నిద్రపోయేదాన్ని. వీధిలో వాళ్ళకి మాత్రం ఆ తలుపు వెనక పుర్రెలూ రక్తమూ కనపడేవి. ఆయన ఎదురొస్తే పిల్లల్ని పక్కకి లాక్కునేవారు. వాళ్ళే చీకటిపడ్డాక పెరటి గుమ్మంలోంచి వచ్చి తమ్ముణ్ణి చంపిపెట్టమనో, పక్కింటి ఆవిణ్ణి వశం చేసిపెట్టమనో అడిగేవారు. నాన్న వాళ్ళని తరిమేసి, తలారా స్నానం చేసేవాడు.

"నాన్న చీమ కనపడితే అడుగు పక్కకి వేసేవాడు" అన్నాను.

"అదంతా పైకి. మరి తలుపెందుకు వేసుకునేవారు? మీ అక్కే చెప్పింది."

అటవీశాఖకి ఫోన్ చేస్తానంటే నవ్వాడు. వాళ్ళు వచ్చేసరికి పని అయిపోతుందన్నాడు. నిజమే. చివరిసారి పరీక్ష చేసి ఇస్తానని పక్షిని తీసుకుని వెనక గదిలోకి వెళ్ళాను. గోళ్ళు కత్తిరించే కత్తెర తీశాను. ఒక్క నొక్కు. చిన్న రక్తపు చుక్క. మళ్ళీ పెరిగే గోరే, అయినా నాది బాగుచేసే చెయ్యి.

"గోరు చెడిపోయింది, తీసెయ్యాల్సి వచ్చింది" అన్నాను బయటికొచ్చి.

బావ చెయ్యి చాచినవాడల్లా వెనక్కి తీసుకున్నాడు. ఇన్నాళ్ళ బంగారాన్ని ముక్కు చిట్లించి చూశాడు. "ఛీ. నువ్వే ఉంచుకో" అని శాలువా దులిపి మడిచి పట్టుకుపోయాడు. అంతకంటే ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

వారం తిరక్కుండా అక్క వచ్చింది. చంకలో అదే శాలువా, అందులో ఇంకో గుడ్లగూబ.

"దీనికి దెబ్బలేం లేవే. లోపం లేదని ఒక్కసారి చూసి చెప్పు. పరాయి డాక్టరైతే లేనిపోనివి అడుగుతాడు."

"దీన్నేం చేస్తారో తెలుసా నీకు?"

"తెలుసు" అంది నేల చూస్తూ. "నాన్న చెయ్యలేదా ఏంటి, తలుపేసుకుని?"

"నువ్వు ఎప్పుడైనా ఆ గదిలోకి వెళ్ళావా అక్కా?"

"అమ్మో, నాకు భయం. వీధిలో అందరూ చెప్పేవాళ్ళు కదా."

ఆయన చేత్తో అన్నం తిని పెరిగిన పిల్ల. నాన్న గురించి వీధిని అడిగి తెలుసుకుంది. నాకు బావ మీద పుట్టిన అసహ్యం ఒక ఎత్తు, ఆ క్షణాన అక్క మీద పుట్టింది ఒక ఎత్తు.

శాలువాతో సహా పక్షిని అందుకుని వెనక గదిలోకి వెళ్ళి గడియ పెట్టాను. పరీక్షించాను. నిజంగానే ఏ లోపమూ లేదు. కిటికీ తెరిచాను. బయట మసక పడుతోంది. గుడ్లగూబ చట్టం మీద నిలబడి తల ఇటు తిప్పి, అటు తిప్పి, చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది.

"లోపల ఏం చేస్తున్నావే?" అక్క తలుపు బాదుతోంది. "తలుపెందుకు వేశావ్?"

గడియ తీశాను. అక్క గుమ్మంలోనే ఆగి బల్లనీ దీపాన్నీ కిటికీనీ చూసింది.

"ఏదే? ఇక్కడ ఏమీ లేదే?"

"నాన్న గదిలోనూ ఇంతే అక్కా."

అక్క గుమ్మం దాటి ఒక అడుగు లోపలికి వేసింది. అర్థమైందేమో అని ఆశపడ్డాను.

"ఇప్పుడు ఆయనకి ఏం చెప్పను?" అంది చివరికి. "సరే, శాలువా అయినా ఇవ్వు. గురువుగారు అడుగుతారు."

ఇవ్వలేదు. అక్క చూస్తుండగానే దాన్ని బకెట్లో పడేసి, సబ్బుపొడి వేసి, మరిగే నీళ్ళు పోశాను. పచ్చిమాంసం వాసనా బావ సెంటు వాసనా కలిసి గుప్పుమన్నాయి. ముక్కు మూసుకోకుండా, మోచేతుల దాకా ముంచి, ఉతకడం మొదలుపెట్టాను.