గంట మోగే ముందు

ఐదేళ్ళు నిండిన ఆ పిల్లను ఇంటిల్లిపాదీ పిడుగు అనే పిలిచేవారు. మొదట్లో అది ముద్దుపేరే. బళ్ళో వేశాక ఆ పేరులో ముద్దు పోయి నిజం మిగిలింది. గంట మోగితే చాలు, పక్కనున్నవాళ్ళను కొరికేది. బల్ల కిందికి దూరిందంటే బయటికి రప్పించడం ఎవరి తరమూ కాదు. ఏడాది తిరక్కుండానే రెండు బళ్ళు మారాయి. మూడో బడివాళ్ళు కూడా, "నెలాఖరు దాకా చూస్తాం" అనేశారు.

సలహాలకు మాత్రం కొదవ లేదు. "రెండు తగిలిస్తే అదే దారికొస్తుంది," అన్నాడు బాబాయి. "గారం ఎక్కువై నెత్తికెక్కింది," అంది అమ్మమ్మ. తండ్రి లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఎంత మొండికేసిన మోటారైనా మాట వినేలా చేస్తాడని పేరు. కూతురి దగ్గరికొచ్చేసరికి ఆ పేరు ఎందుకూ కొరగాలేదు. ఒకసారి చెయ్యి చేసుకున్నాడు కూడా. ఆ రోజు పిల్ల కంటే తనే ఎక్కువ ఏడ్చాడు.

ఒక మంగళవారం పొద్దున, నాలుగంతస్తుల మేడలో లిఫ్టు ఆగిపోయిందని కబురొస్తే వెళ్ళాడు. మూడో అంతస్తులో నిలబడి తీగలు చూస్తుండగా వరండా చివరి గదిలోంచి ఒక కేక వినిపించింది. ఉలిక్కిపడ్డాడు. అచ్చం పిడుగు కేకే. ఆ తర్వాత ఏమేం వినబడాలో అతనికి కంఠతా వచ్చు: తల్లి అరుపు, ఎవరిదో గదమాయింపు, ఒక చెంపదెబ్బ. అవేవీ వినబడలేదు.

స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకునే వెళ్ళి తొంగిచూశాడు. నాలుగేళ్ళవాడొకడు నేలమీద పడి దొర్లుతున్నాడు. చెయ్యి చాస్తే అందేంత దూరంలో, జుట్టు నెరిసిన ఒకావిడ బాసింపట్టు వేసుకుని కూర్చుంది. తిట్టడం లేదు, బతిమాలడం లేదు. కాసేపటికి వాడి ఊపిరి నెమ్మదించింది. పాక్కుంటూ వచ్చి ఆవిడ ఒళ్ళో తల పెట్టాడు.

మెకానిక్కు లిఫ్టు సంగతే మర్చిపోయాడు.

"అమ్మా, ఏం చేశారు మీరు?"

"ఇప్పుడైతే ఏమీ చెయ్యలేదు. అలా ఊరుకోవడం నేర్చుకోడానికే నాకు ఇరవయ్యేళ్ళు పట్టింది," అని నవ్వింది. "మీ ఇంట్లో కూడా ఉందా ఇలాంటి రత్నం?"

తలూపాడు. ఆవిడ ఇలాంటి పిల్లలతోనూ వాళ్ళ అమ్మానాన్నలతోనూ పనిచేసే టీచరు.

"ఒక పని చెయ్యండి. పాప గొడవ చేసినప్పుడల్లా, సరిగ్గా దానికి ముందు ఏం జరిగిందో రాయండి. వారం రోజులు రాసి, పాపను తీసుకుని రండి. ఈలోగా చెవుల డాక్టరుకి ఓసారి చూపించండి."

ముందు ఏం జరిగింది? లిఫ్టు ఆగిందంటే అతను మొట్టమొదట అడిగే ప్రశ్న అదే. కన్నకూతురి విషయంలో ఒక్కసారైనా అడిగిన పాపాన పోలేదు.

మెట్లమీద నుంచే భార్యకు ఫోను చేశాడు. ఆమె మందుల కంపెనీలో డబ్బాలు సర్దే పనిలో ఉంది.

"మళ్ళీ ఎవరో ఏదో చెప్పారు, మీరు ఎగిరి గంతేస్తున్నారు," అంది.

"ఈసారి చెప్పడం కాదే. నా కళ్ళారా చూశాను."

ఆ వారం ఇద్దరూ ఒక నోటు పుస్తకంలో పోటీలు పడి రాశారు. మిక్సీ వేశాం, కంచం విసిరింది. బొమ్మ గీసుకుంటుంటే స్నానానికి ఎత్తుకెళ్ళాం, కొరికింది. పక్కింట్లో గోడకి డ్రిల్లు వేశారు, మంచం కింద దూరింది. నాలుగో రోజు పొద్దున టీ తాగుతూ పుస్తకం తిరగేస్తున్న భార్య గ్లాసు పక్కన పెట్టేసింది.

"ఏమండీ, ఇటు చూడండి. చెప్పి చేసినప్పుడు ఒక్కసారి కూడా గొడవ లేదు. అన్నీ చెప్పాపెట్టకుండా మీదపడ్డవే."

అమ్మమ్మ కళ్ళజోడు తెచ్చుకుని మొదటి పేజీ నుంచి చదివింది. "పిచ్చితల్లి, భయపడుతోందా," అంది మెల్లగా. ఆ పూట నుంచి మిక్సీ వెయ్యబోయేముందు "వేస్తున్నానే తల్లీ" అని కేకెయ్యడం ఆవిడే మొదలెట్టింది.

చెవుల డాక్టరు వినికిడికి లోపమేమీ లేదన్నాడు. టీచరు పుస్తకం చదివి, "సగం పని మీరే చేసుకొచ్చారు," అంది. గంటసేపు పిడుగుతో ఆడింది. పెద్ద చప్పుళ్ళూ, ఉన్నట్టుండి మారిపోయే పనులూ పిల్లకు తట్టుకోలేనంత భయమని, చెప్పడానికి మాటలు చాలక పళ్ళు వాడుతోందని వివరించింది. చెవులకు పెట్టుకునే మెత్తటి మూతలు ఇచ్చింది. తనే బడికి వచ్చి క్లాసు టీచరుతో మాట్లాడింది. ముప్ఫైమంది పిల్లలతో సతమతమయ్యే మనిషి ఆమె. "ఏం చెయ్యాలో ఎవరైనా చెబితే బాగుణ్ణని నేనూ ఎదురుచూస్తున్నాను," అంది.

సోమవారం మధ్యాహ్నం మెకానిక్కు ఫోను మోగింది. బడి నంబరు. చేతిలో పని వదిలేసి ఎత్తాడు.

"ఏమైంది టీచర్?"

"ఏం కాలేదండీ. ఏం కాలేదని చెప్పడానికే చేశాను. గంటకి ముందు చెప్పాను. చెవులకి మూతలు పెట్టుకుని నా చెయ్యి పట్టుకుంది. గంట మోగింది. అంతే. ఇప్పుడు అందరితో కూర్చుని భోంచేస్తోంది."

అతను పనిముట్ల పెట్టెమీద కూలబడి, తనలో తనే నవ్వుకున్నాడు. కంపెనీకి ఫోను చేస్తే భార్య పనిలో ఉందన్నారు. "ఏమీ కాలేదని చెప్పండి చాలు," అన్నాడు. సూపర్‌వైజరు ఏమీ అర్థం కాకుండానే ఆ మాట మోసుకెళ్ళాడు. ఆమె చేతిలోని డబ్బా అలాగే పట్టుకుని నవ్వుతూ ఏడ్చిందట.

బుధవారం పిడుగు మళ్ళీ ఒకణ్ణి కొరికింది. కానీ వెంటనే వదిలేసి, "కుర్చీ పడింది, భయమేసింది," అంది. భయమన్న మాట పిల్ల నోట రావడం అదే మొదలు. ఇది ఫోనులో చెప్పే సంగతి కాదని, తల్లిదండ్రులిద్దరూ మర్నాడు ఒక పూట సెలవు పెట్టి, పిల్ల చేతులు చెరొకటి పట్టుకుని, ముందుగా దానికి చెప్పి మరీ, జుట్టు నెరిసిన ఆ టీచరు దగ్గరికి బయల్దేరారు.